హారతి ఇస్తే క్షమించినట్టేనా?

చిత్తూరుకు దగ్గర్లోని ఒక పల్లె ఆడబిడ్డ ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయట పెట్టొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమెకు నలభై ఒక్క ఏళ్లు. పుట్టింటి ఊళ్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉంది. ఏటా ఎండాకాలంలో అక్కడ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. వాళ్లన్న ఇరవై రెండేళ్లుగా దుర్యోధనుడి వేషం కడుతున్నాడు. చుట్టుపక్కల పది ఊళ్లవాళ్లు ఆయన గొంతు వినడానికే వస్తారు. వేషం కట్టుకొని గడప దాటే ముందు ఇంటి ఆడబిడ్డ హారతి ఇచ్చి పంపడం వాళ్లింటి ఆనవాయితీ.

తల్లి ముందే పోయింది. తొమ్మిదేళ్ల కిందట తండ్రీ పోయాడు, వీలునామా రాయలేదు. తాతల నాటి మూడెకరాల తోతాపురి మామిడి తోపు ఉంది. తండ్రి దినాలు అయిన మూడు నెలలకు అన్న వచ్చి, "పంట లోనుకు ఇద్దరి సంతకాలూ కావాలంటమ్మా" అని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఈమె చదవకుండా సంతకం పెట్టింది. ఆ పూట ఆయనే హోటల్లో టిఫిను తినిపించి బస్సెక్కించాడు. రెండేళ్ల కిందట భూముల రీసర్వే జరిగినప్పుడు తెలిసింది, తాను పెట్టిన సంతకం తన వాటా వదులుకుంటున్నానని రాసిన దస్తావేజు మీద అని. అడిగితే, "నీ పెండ్లికి నాయన పెట్టింది చాల్లేదా?" అన్నాడు. అప్పటి నుంచి మాటల్లేవు. అన్నతోనే కాదు, వదినతోనూ.

పోయిన దీపావళికి అన్నకు పక్షవాతం వచ్చింది. కోలుకున్నాడు గానీ ఎడమ చెయ్యి సరిగా లేవడం లేదు. ఈ ఏడు ఆఖరిసారి వేషం కడతానన్నాడట. ఊరి పెద్దలు ఆటోలో ఈమె అత్తగారింటికి వచ్చి, "మీయన్న నువ్వు రావాలంటున్నాడు. ధర్మరాజే దుర్యోధనుణ్ణి క్షమించినాడు, నువ్వెంత?" అని చెప్పి పోయారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు కూడా అడిగాడట: "మామ దుర్యోధనుడై పడిపోతే ఊరంతా దణ్ణం పెడతారు. నువ్వు మాత్రం పలకరించవు. మామ అంత చెడ్డోడా?"

చివరి పేజీలో ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టే:

"పద్దెనిమిదో నాడు తొడ విరిగి పడినప్పుడు నాకు ఏడుపు ఆగదక్కా. దుర్యోధనుడి కోసం ఏడుస్తానో మాయన్న కోసం ఏడుస్తానో నాకే తెలీదు. అంత ఏడ్చేదాన్ని ఇంట్లో మాత్రం ఎందుకు క్షమించలేను? అసలు అంత చేసినోణ్ణి క్షమించొచ్చునా? పోయి హారతి ఇస్తే క్షమించినట్టేనా?"

* * *

అక్కా అని పిలిచారు కాబట్టి చనువు తీసుకొని మాట్లాడతాను.

ముందు ఆ పెద్దల మాట తేల్చుకుందాం. ధర్మరాజు దుర్యోధనుణ్ణి క్షమించాడని వాళ్లు ఏ హరికథలో విన్నారో గానీ, భారతంలో ఉన్నది వేరు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి పోయేసరికి దుర్యోధనుడు అక్కడ సింహాసనం మీద వెలిగిపోతూ కూర్చొని ఉంటాడు. అది చూసి ధర్మరాజుకు ఒళ్లు మండుతుంది. వీడున్న చోట నేనుండను, నా తమ్ముళ్లెక్కడున్నారో అక్కడికి తీసుకుపొండి అంటాడు. స్వర్గంలో పగలుండవయ్యా అని నారదుడు సర్దిచెప్పాల్సి వస్తుంది. యుద్ధం గెలిచి, ముప్పై ఆరేళ్లు రాజ్యమేలి, అన్నీ వదిలేసి కొండలెక్కి పోయిన ధర్మరాజుకే ఆ మనిషి ముఖం చూడగానే నిండు సభలో ద్రౌపది పడ్డ అవమానం గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట సంగతి తెలిసిన మీకు గుర్తుకు రావడం తప్పెట్లా అవుతుంది?

రెండో సంగతి. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పెళ్లయ్యాక భారతానికి పద్దెనిమిదో రోజు మాత్రమే వెళ్లగలుగుతున్నానని రాశారు. అత్తగారిల్లు, పిల్లాడి బడి, పాడి ఆవులు, అన్నీ వదిలి పద్దెనిమిది రాత్రులు ఎవరుండగలరు? కానీ ఆ ఒక్క రోజే చూసేవాళ్లకు ఏం కనిపిస్తుంది? గుడి ముందు మిట్ట మీద బారెడు బారెడు కాళ్లు చాపి పడుకున్న దుర్యోధనుడి మట్టి బొమ్మ. దాని చుట్టూ ఒంటరిగా, అలిసిపోయి పరిగెత్తే రాజు. వెంట గదతో భీముడు. తమ్ముళ్లూ బిడ్డలూ అందరూ పోయి ఒక్కడే మిగిలిన మనిషి. భారతాన్ని పద్దెనిమిదో రోజు నుంచి మొదలుపెడితే దుర్యోధనుడంత దీనుడు ఇంకొకడు లేడు. జూదం ఆడిన రాత్రి, ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన రాత్రి ముందు వరసలో చాప వేసుకొని కూర్చున్నవాళ్లకు మాత్రం అదే బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది.

మీ ఇంటికి ఆటోలో వచ్చిన పెద్దలు చేసింది కూడా అదే. పక్షవాతం వచ్చింది, చెయ్యి లేవడం లేదు, ఆఖరి వేషం అని పద్దెనిమిదో రోజు నుంచి కథ ఎత్తుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసు రాత్రిని వదిలేశారు. రాత్రి అన్నాను గానీ అది పట్టపగలే జరిగింది, టిఫిను కూడా తిన్నారు.

అట్లని మీ ఏడుపు అబద్ధం కాదు. నాటకంలో దుర్యోధనుడు మనల్ని ఏడిపిస్తాడు, ఏడిపించేట్టే కట్టారు ఆ వేషాన్ని. మంచి పద్యాలన్నీ అతనికే. పల్లెల్లో గొంతున్న ఎవర్ని అడిగినా ధర్మరాజు వేషం వద్దంటారు, రారాజు వేషమే కావాలంటారు. 1977లో ఎన్.టి. రామారావు తెర మీద ఆ పాత్ర కట్టాక మన తెలుగువాళ్లకు సుయోధనుడి మీద మమకారం ఇంకా పెరిగింది. అభిమానధనుడు, కర్ణుడికి రాజ్యమిచ్చినవాడు, మాట మీద నిలబడ్డవాడు. అన్నీ నిజమే. అయిదూళ్లు ఇవ్వమని అడిగితే సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నదీ ఆయనే. మీ విషయంలో మూడెకరాల్లో ఎకరన్నర. (ఈ పోలిక నేను వెతికి తెచ్చింది కాదు చెల్లెమ్మా, మీ ఉత్తరంలోనే ఉంది. మీరు గమనించి రాశారో లేదో తెలియదు.)

క్షమించొచ్చునా అని అడిగారు. దుర్యోధనుడి సంగతైతే నా మటుకు నేను క్షమించను. కారణం అతను చేసిన పనులు మాత్రమే కాదు, పోయేటప్పుడు ఉన్న తీరు. తొడ విరిగి నేల మీద పడి ఉన్నప్పుడు అశ్వత్థామ వచ్చి, నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపి వచ్చానని చెబుతాడు. ఆ మాట విని సంతోషించి ప్రాణం వదిలాడు. ఆఖరి ఊపిరి దాకా చేసింది తప్పనుకోలేదు. అడగనివాడికి క్షమ ఇవ్వొచ్చు, ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ అది ఇచ్చేవాళ్ల ఇష్టం. పుచ్చుకునేవాడి హక్కు కాదు, ఊరి పెద్దలు ఆటోలో వచ్చి వసూలు చేసుకుపోయే చందా అంతకంటే కాదు.

మీ అన్న సంగతి వేరు. ఆయన నాటకంలో పడిపోయాక లేచి, కిరీటం తీసి, మంచినీళ్లు తాగి ఇంటికి పోతాడు. దుర్యోధనుడికి లేని అవకాశం ఆయనకు ఇంకా ఉంది. ఇప్పటిదాకా వాడుకోలేదు, అంతే. మీరు రాసినదాన్ని బట్టి ఆయన పంపిన కబురు "చెల్లెలు రావాలని ఉంది" అన్నది ఒక్కటే. దాన్ని ఎట్లా తీసుకోవాలి? మన పల్లెల్లో యాభై దాటిన మగవాడు చెల్లెలి ముందు నిలబడి తప్పయిపోయింది అనడం నేనైతే చూడలేదు. బహుశా ఆయనకు తెలిసిన భాషలో అడగడం అదేనేమో. అంత ఉదారంగా ఆలోచించాక కూడా నాకొక మాట అనిపిస్తుంది. తెల్లవార్లూ గొంతెత్తి వందల పద్యాలు చదివేవాడికి ఒక్క వాక్యం నోరు పెగలదా? జబ్బు పడటం పశ్చాత్తాపం కాదు. ఆ రెంటినీ మనం తరచూ కలిపేస్తుంటాం.

ఇప్పుడు పెద్దలు అన్న "క్షమించు" అనే ముక్కను విప్పి చూడండి. అందులో మూడు కోరికలు మూటగట్టి ఉన్నాయి. కోపం వదిలెయ్యి, వచ్చి పలకరించు, తోపు గురించి నోరెత్తకు. మొదటిది మీ మనసుది. దాని మీద ఎవరి అధికారమూ చెల్లదు, మీది కూడా. రెండోది రాకపోకలకు సంబంధించింది. మూడోది ఆస్తి. ఒకటి ఇచ్చినంత మాత్రాన మిగిలిన రెండూ ఇచ్చినట్టు కాదు. మీ బాధలో సగం, ఈ మూడూ ఒకే ముద్ద అని మిమ్మల్ని నమ్మించడం వల్ల వచ్చింది.

రాయబారం రాత్రి మీ ఊళ్లో "చెల్లియో చెల్లకో" పద్యం చదువుతారని రాశారు కదా. ఎన్నోసార్లు విని ఉంటారు. ఈసారి అందులో ఒక మాట పట్టుకొని వినండి. పాండవులు నీ తప్పుల్ని క్షమించారని కృష్ణుడు అనడు. "సైచిరి" అంటాడు, ఓర్చుకున్నారని. ఓర్చుకున్నారు కాబట్టి ఇక వదిలేద్దామని కూడా అనడు. పొందు చేస్తావా, యుద్ధమే అంటావా, "ఏర్పడ జెప్పుము" అని తేల్చమంటాడు. తేల్చాల్సిన బరువు తప్పు చేసినవాడి మీద పెట్టాడు. మీ ఊళ్లో ఆ బరువును తెచ్చి మీ నెత్తిన పెట్టారు.

ఇక హారతి.

గాంధారి సంగతి మీకు తెలిసిందే. యుద్ధం జరిగిన పద్దెనిమిది రోజులూ దుర్యోధనుడు తల్లి దగ్గరికి పోయి, నేను గెలవాలని దీవించమ్మా అని అడిగాడట. ఆమె గెలువు నాయనా అనలేదు. ధర్మం ఎక్కడుంటే అక్కడ గెలుపు అన్నది. నూరుగురు కొడుకుల్ని కన్న తల్లి, పెద్దకొడుకు ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆ ఒక్క మాట ఇవ్వలేదు. పొమ్మని తలుపూ వేయలేదు. ప్రేమ ఉంది, ఒప్పుదల లేదు. కొడుకు పోయాక స్త్రీపర్వంలో ఆమె ఏడ్చిన ఏడుపు చదివితే ఆ ప్రేమ ఎంతటిదో తెలుస్తుంది. హారతి పళ్లెం పట్టుకొని అట్లా నిలబడటం మీకు చేతనైతే, హారతి ఇవ్వడం క్షమించడం కాదు.

చేతకాకపోవచ్చు కూడా. అందుకని, ఏం చేస్తే ఏమవుతుందో నాకు తోచింది చెబుతాను.

ఏమీ మాట్లాడకుండా వెళ్లి హారతి ఇచ్చి వచ్చారనుకోండి. ఆ రాత్రి బాగుంటుంది. అన్న కళ్లు తడుస్తాయి, మీవీ తడుస్తాయి, వదిన కౌగిలించుకుంటుంది. మర్నాటి నుంచి ఊరి లెక్కలో మీ వ్యవహారం తీరిపోయినట్టే. ఆరు నెలల తర్వాత మీరు తోపు ఊసెత్తితే "ఆ రోజు హారతి ఇచ్చి ఇప్పుడు ఇదేంది?" అంటారు. ఈ దారిలో పోవాలంటే తోపు మీద ఆశ నిజంగా వదులుకొని ఉండాలి. వదులుకున్నానని మీకు మీరు చెప్పుకోవడం చాలదు.

వెళ్లలేదనుకోండి. అది మీ హక్కు, నేను తప్పు పట్టను. కానీ పక్షవాతం ఒకసారి వచ్చిన మనిషి. రేపు ఏదైనా జరిగితే, ఆ ఆఖరి వేషం చూడలేదన్నది మీతోనే ఉండిపోతుంది. మీ ఉత్తరంలో చిన్నప్పుడు అన్న మిమ్మల్ని భుజాల మీద ఎక్కించుకొని తపస్సు మాను ఎక్కిన అర్జునుడి వేషగాడు పైనుంచి విసిరే నిమ్మకాయలు పట్టించిన సంగతి ఒక పేజీన్నర ఉంది. తోపు సంగతి ఒక పేజీయే. నేనేమీ అనను, లెక్క మాత్రం చెప్పాను.

మూడోది నాకు నచ్చిన దారి, కాస్త కష్టమైంది కూడా. ఉత్సవం ధ్వజారోహణానికి ముందే, ఊరి వాళ్లెవరూ లేనప్పుడు అన్న దగ్గరికి వెళ్లండి. పెద్దలు వద్దు, మీ ఆయన కూడా గడప బయటే ఉంటే మంచిది. ఇట్లాంటిదేదో చెప్పండి: "అన్నా, హారతి ఇయ్యను వస్తా. నువ్వు పద్యం చదువుతుంటే వినాలని నాకూ ఉంది. కానీ తోపు సంగతి దాంతో తీరినట్టు కాదు. ఎకరన్నర నాదని ఒప్పుకొని నువ్వు రాసిచ్చేదాకా అది నాకు బాకీనే." ఆయన అరవొచ్చు. ఏడవొచ్చు. "నేను చచ్చినాక తీసుకోపో" అనొచ్చు, మన మగవాళ్లకు అదొక అలవాటు. మీరు వాదించొద్దు. చెప్పాల్సింది చెప్పేశారు, ఇక హారతి పళ్లెం మీద ఎవరూ వేరే అర్థం రాయలేరు.

ఒకవేళ సరే అంటే, నోటి మాటతో, పెద్దల సమక్షంలో తెల్ల కాగితంతో ఆగిపోకండి. భూమి విషయంలో రిజిస్టరు కాని రాజీకి విలువ తక్కువ. మీ వాటాను మీ పేర రిజిస్టరు చేయించుకోవాలి, ఆయన బతికుండగానే. లేకపోతే రేపు ఈ తగాదా మీ మేనల్లుడితో పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ పిల్లవాడు రిజిస్ట్రారు ఆఫీసుకు రాలేదు, సంతకం అడగలేదు.

ఒప్పుకోకపోతే కోర్టు ఉంది. ఇక్కడ మాత్రం నేను అక్కలా కాదు, కొంచెం కటువుగా మాట్లాడాలి. వీలునామా లేకుండా తండ్రి పోతే కూతురికి కొడుకుతో సమానంగా వాటా వస్తుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సవరణ చెప్పింది. దాన్ని 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. పెళ్లికి పెట్టినదాన్ని వాటాలో చెల్లు వేసే మాట ఇందులో ఎక్కడా లేదు. మీకు అడ్డం మీరు పెట్టిన సంతకమే. మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని అడగడానికి, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు. రెండేళ్లు అయిపోయాయి. అవతలి వకీలు, సంతకం పెట్టిన రోజే మీకు తెలుసు కదా అని వాదించకుండా ఉండడు. కాబట్టి ఆ లెక్క మీ వకీలు చూసి చెప్పాలి. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. క్షమించడానికి గడువు లేదమ్మా, పదేళ్ల తర్వాతైనా క్షమించొచ్చు. దావాకు గడువుంది. మనసు తేలేదాకా దావా ఆపుదామనుకుంటే, తేలేసరికి చేతిలో ఏమీ ఉండదు.

వకీలు ఖర్చు గురించి భయపడుతున్నట్టు రాశారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని చట్టంలో ఉంది. చిత్తూరు కోర్టుల ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని అడగండి. అన్నను జైలుకు పంపాలన్న కోరిక లేదన్నారు కాబట్టి లోక్ అదాలత్ సంగతి కూడా అక్కడే అడగండి. అక్కడ రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. చెల్లెలు అన్న మీద కోర్టుకెక్కిందని ఊళ్లో అంటారు. రెండేళ్లు అంటారు, తర్వాత ఇంకెవరి గురించో అంటారు. అన్నతో సంబంధం మాత్రం దెబ్బతినొచ్చు, అతుక్కోకపోనూవచ్చు. అది మీరు తెలిసే చేయాలి.

క్షమిస్తే శిక్ష ఉండకూడదనే వాళ్లకు ద్రౌపదినే చూపించండి, మీ ఊరి దేవతే కదా. భాగవతంలో, తన అయిదుగురు బిడ్డల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెస్తే, వీడి తల్లి నాలాగా ఏడవకూడదు, వదిలేయండి అంటుంది. అంతకు మించిన క్షమ నాకు తెలిసి ఎక్కడా లేదు. అయినా ఊరికే వదల్లేదు. తల మీది మణి ఊడబీకి, జుట్టు కోసి, వెళ్లగొట్టారు. ప్రాణం ఇచ్చారు, మణి ఇవ్వలేదు.

వదిన గురించి ఒక మాట. ఆమెకు సంతకం సంగతి ముందే తెలుసో లేదో మీకు తెలియదన్నారు. మరి రెండేళ్లుగా ఆమెతో ఎందుకు మాట్లాడటం లేదు? మా తిరుపతి గంగమ్మ జాతరలో పాలెగాడి కథ వినే ఉంటారు. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి గంగమ్మ దొర వేషంలో వచ్చి చంపుతుంది. మరునాడు మాతంగి వేషం. ఎందుకంటే, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చడానికి. తల నరికిన దేవతే మరునాడు ఆ ఇంటి గడప తొక్కింది. మొదట మీ వదినకు ఫోన్ చేయండి. పక్షవాతం వచ్చిన మనిషికి ఇన్ని నెలలుగా చాకిరీ చేస్తున్నది ఆమే.

పిల్లవాడికి సగం కథ చెప్పొద్దు. తొమ్మిదో తరగతి అంటే సంతకం అంటే ఏమిటో, నమ్మి పెట్టడం అంటే ఏమిటో అర్థమయ్యే వయసే. జరిగింది జరిగినట్టు చెప్పండి, మామను తిట్టకుండా. ఈసారి సెలవుల్లో వీలైతే జూదం రాత్రి కూడా వాణ్ణి నాటకానికి పంపండి. మామ రెండు రాత్రులూ ఒకే గొంతుతో పాడతాడు. చెడ్డోడా కాదా అన్నది వాడే తేల్చుకుంటాడు. తేల్చుకోలేకపోయినా నష్టం లేదు.

మా అవ్వ ఏటా దుర్యోధన వధకు చీపురు తీసుకొని పోయేది. అందరు ఆడవాళ్లతో కలిసి ఆ మట్టి బొమ్మను నాలుగు బాది, అదే చేత్తో దాని కాలి దగ్గరి మట్టి ఇంత తీసి కొంగున ముడేసుకొని వచ్చి వడ్ల గాదె మీద పెట్టేది. "ఏందవ్వా, కొట్టిన మట్టినే ఇంటికి తెచ్చినావే?" అని అడిగితే, "రాజు మట్టి గదే, పంట పండుతాది" అనేది. కొట్టడం మానిందీ లేదు, మట్టి తేవడం మానిందీ లేదు.

ఉత్సవానికి ఇంకా అయిదు వారాలుందని రాశారు. ఈ వారంలోనే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి మీరు సంతకం పెట్టిన దస్తావేజు నకలుకు అర్జీ పెట్టండి. అందులో ఏం రాసి ఉందో ఇప్పటిదాకా మీరు మీ కళ్లతో చదవలేదు. వకీలు దగ్గరికైనా, అన్న దగ్గరికైనా అది చదివాక వెళ్లండి.